గుప్పెడు మాటలతో అందరికీ కంప్యూటర్: జాన్ కెమెనీ జీవిత కథ

మా బడి హోసూరు ప్రాంతంలో ఉంది. మా పిల్లలు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బస్సులో తమిళం మాట్లాడతారు. ఇన్ని భాషలు వచ్చినా, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన తొలిరోజున వాళ్ల నోరు పెగలదు. ఇది ఇంగ్లీషు మీడియం వాళ్ల చదువు కదా సార్ అని ఏటా ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు. తల్లిదండ్రుల్లో కొందరు ఆ మాట అడగనైనా అడగరు. కంప్యూటర్ కోసమే బిడ్డను వేరే బడికి మార్చేస్తారు.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు మేము ఒక మనిషి కథ చెబుతాం. ఇంజనీర్లకూ శాస్త్రవేత్తలకూ మాత్రమే అందుబాటులో ఉన్న కంప్యూటర్‌ను చరిత్ర చదివేవాళ్ల దగ్గరికీ, కవిత్వం చదివేవాళ్ల దగ్గరికీ తెచ్చిన లెక్కల మాస్టారి కథ అది. ఆయన పేరు జాన్ కెమెనీ. ఆయన కూడా ఒకప్పుడు తనది కాని భాషలో నడిచే బడిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లవాడే.

బుడాపెస్ట్ నుంచి న్యూయార్క్‌కు

కెమెనీ 1926 మే 31న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి ఎగుమతి, దిగుమతుల వ్యాపారి. 1938లో హిట్లర్ సేనలు పక్కనే ఉన్న ఆస్ట్రియాను ఆక్రమించాయి. రాబోయే ప్రమాదాన్ని తండ్రి పసిగట్టారు. ముందు తానొక్కడే అమెరికా వెళ్లి, కాస్త నిలదొక్కుకున్నాక 1940లో భార్యాబిడ్డలను రప్పించుకున్నారు. తాతగారు మాత్రం పుట్టిన గడ్డ వదిలి రానన్నారు. ఆ తర్వాత నాజీల మారణహోమంలో తాతగారితో పాటు మరికొందరు బంధువులూ ప్రాణాలు కోల్పోయారు.

న్యూయార్క్‌లో హైస్కూలులో చేరేనాటికి కెమెనీకి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. ఇంగ్లీషు అంతంతమాత్రమే. పాఠాలన్నీ ఆ భాషలోనే. ఇంట్లో మాట్లాడే హంగేరియన్ ఆ వీధుల్లో ఎవరికీ అర్థం కాదు. అయితే లెక్కలు ఏ ఊళ్లోనైనా ఒక్కటే కదా! లెక్కలను ఊతకర్రగా పట్టుకుని నడుస్తూ భాష నేర్చుకున్నాడు. మూడేళ్లు తిరిగేసరికి, 1943లో, తరగతిలో మొదటివాడిగా బడి చదువు ముగించాడు. అక్కడి నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితం, తత్వశాస్త్రం చదవడానికి వెళ్లాడు.

కొండల నడుమ లెక్కల కర్మాగారం

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. చదువు మధ్యలోనే సైన్యం పిలిచింది. 1945లో కెమెనీని న్యూమెక్సికో కొండల మధ్య ఉన్న లాస్ అలమోస్‌కు పంపారు. అణుబాంబు తయారీ రహస్యంగా సాగుతున్న చోటు అది. అక్కడి లెక్కల విభాగంలో ఆయన పై అధికారి, తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ ఫైన్‌మన్.

ఆ విభాగం ఎలా పనిచేసేదో తెలిస్తే ఈ కథలో మిగతాది తేలికగా అర్థమవుతుంది. కంప్యూటర్ అని ఈరోజు మనం పిలిచే వస్తువు అక్కడ లేదు. వ్యాపార సంస్థలు జమాఖర్చులకు వాడే ఐబీఎం యంత్రాలు ఉండేవి. ఒకటి కూడుతుంది, ఒకటి గుణిస్తుంది, ఇంకొకటి కార్డులను వరుసలో పెడుతుంది. కార్డుకు చిల్లులు పొడిచి ఒక యంత్రంలో పెట్టాలి, బయటికి వచ్చిన కార్డును తీసి రెండో యంత్రంలో పెట్టాలి. మనుషులు వంతులవారీగా రేయింబవళ్లు ఇలా కార్డులు మోస్తూ ఉంటే, ఒక్క సమీకరణం తేలడానికి వారాలు పట్టేది.

అదే చోట కెమెనీ మరో హంగరీ మేధావి జాన్ వాన్ నాయ్‌మన్ ఉపన్యాసం విన్నారు. ఏ లెక్క ఎలా చేయాలో చెప్పే ఆదేశాలను కూడా యంత్రం తన జ్ఞాపకంలోనే దాచుకుంటుందనీ, అప్పుడు మనిషి కార్డులు మోయాల్సిన పని ఉండదనీ ఆ ఉపన్యాస సారాంశం. యువకుడైన కెమెనీకి అది కలలా తోచింది. అలాంటి యంత్రాన్ని తాకే భాగ్యం తన జీవితకాలంలో దొరుకుతుందా అనుకున్నారు.

యుద్ధం ముగిశాక ప్రిన్స్‌టన్‌కు తిరిగివెళ్లి, తర్కశాస్త్రంలో పేరుగాంచిన అలోంజో చర్చ్ దగ్గర పరిశోధన చేశారు. 1949లో, ఇరవై మూడేళ్లకే డాక్టరేట్ వచ్చింది. ఆ పరిశోధన సాగుతున్నప్పుడే కొంతకాలం ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా పనిచేశారు. ఐన్‌స్టీన్ రాసిన సమీకరణాలను వరుస వెంట వరుస సరిచూడడం ఆయన పని.

రైలెక్కిన కార్డులు

1953లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కళాశాల కెమెనీని పిలిచింది. హానోవర్ అనే చిన్న ఊళ్లో ఉన్న పాత కళాశాల అది. గణిత శాఖలో పెద్దవాళ్లు విరమణకు దగ్గరపడ్డారు, శాఖను మళ్లీ నిలబెట్టేవాళ్లు కావాలి. ఇరవై ఏడేళ్ల కెమెనీ ప్రొఫెసర్‌గా చేరి, రెండేళ్లలో శాఖాధిపతి అయ్యారు. 1956లో థామస్ కర్ట్జ్ అనే యువ గణాంక శాస్త్రవేత్తను తెచ్చుకున్నారు. ఆ తర్వాత జీవితాంతం ఆ ఇద్దరూ జోడెద్దుల్లా కలిసి పనిచేశారు.

అప్పటికి డార్ట్‌మత్‌లో కంప్యూటర్ లేదు. ఏ లెక్క చేయాలన్నా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎంఐటీ విద్యాసంస్థకు వెళ్లాలి. కర్ట్జ్ చిల్లుల కార్డుల పెట్టె పట్టుకుని పొద్దున్నే రైలెక్కేవారు. అక్కడ కార్డులు అప్పజెప్పి, ఫలితం కోసం ఎదురుచూసి, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. కార్డులో ఎక్కడో ఒక చిన్న తప్పు దొర్లితే ఆ ప్రయాణం వృథా. దాన్ని దిద్దుకుని, మళ్లీ వంతు వచ్చేదాకా ఆగి, మళ్లీ రైలెక్కాలి.

మా పిల్లలకు ఈ ఘట్టం చెప్పేటప్పుడు ఒక పోలిక చెబుతాం. మీరు చేసిన కూడిక తప్పో ఒప్పో మాస్టారు రెండు వారాల తర్వాత చెబితే మీకు లెక్కలు ఎప్పటికి వస్తాయి? తప్పు చేసిన వెంటనే అది కంటపడాలి, అప్పటికప్పుడే దిద్దుకోవాలి. నేర్చుకోవడమంటే అదే. కెమెనీ, కర్ట్జ్ ఇద్దరూ స్వతహాగా ఉపాధ్యాయులు కాబట్టి అసలు లోపం ఎక్కడుందో వాళ్లకు తెలిసింది. యంత్రం ఎంత వేగంగా లెక్క చేసినా, దాని ముందు మనిషి వరుసలో నిలబడాల్సి ఉన్నంతకాలం మామూలు విద్యార్థికి అది దక్కదు.

1959లో డార్ట్‌మత్‌కు ఒక చిన్న కంప్యూటర్ వచ్చింది. దాన్ని విద్యార్థులకు వదిలేశారు. పట్టా కూడా చేతికి రాని కుర్రాళ్లు పెద్ద నిపుణులు చేయాల్సిన ప్రోగ్రాములను దానిమీద రాసి చూపించారు. ఈ పిల్లలను నమ్మి ఎంత పెద్ద పనైనా అప్పగించవచ్చన్న ధైర్యం కెమెనీకి అప్పుడే కలిగింది.

అందరికీ ఎందుకు?

డార్ట్‌మత్ విద్యార్థుల్లో దాదాపు ముప్పాతిక మంది సైన్సు, ఇంజనీరింగ్ చదివేవాళ్లు కాదు. చరిత్ర, సాహిత్యం, రాజనీతి, ఆర్థిక శాస్త్రాలు చదివేవాళ్లు. మామూలుగా ఆలోచిస్తే కంప్యూటర్‌తో వాళ్లకేం పని? కెమెనీ దీన్ని తిరగేసి ఆలోచించారు. రేపు ప్రభుత్వాలను, సంస్థలను, పత్రికలను నడపబోయేది ఈ ముప్పాతిక మందే. కంప్యూటర్లను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నిర్ణయించేదీ వాళ్లే. జీవితంలో ఒక్కసారి కూడా కంప్యూటర్‌తో పనిచేయించని మనిషి ఆ నిర్ణయాలు ఎలా తీసుకుంటాడు? అది చెప్పిందల్లా నమ్మేస్తాడు, లేదంటే దాన్ని చూసి భయపడతాడు. ఈ రెండూ ప్రమాదమే.

అందుకే ఆయన పెట్టుకున్న లక్ష్యం నిపుణులను తయారుచేయడం కాదు. అక్షరాలు దిద్దినట్టే, ఎక్కాలు నేర్చినట్టే, ప్రతి విద్యార్థీ కొద్దిగా ప్రోగ్రామ్ రాయడం నేర్చుకోవాలి. దానికి రెండు వస్తువులు కావాలి. ఒకటి, వంతుకోసం ఆగనక్కర్లేని కంప్యూటర్. రెండు, మామూలు మనిషికి పట్టుబడే భాష.

ఐదు తరగతులు, ఒక్క అయ్యవారు

మొదటిదానికి దారి టైమ్ షేరింగ్. అంతకుముందు డార్ట్‌మత్‌లోనే పనిచేసిన జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త ఈ ఆలోచనను కర్ట్జ్ చెవిన వేశారు.

మన మైనారిటీ బడులవాళ్లకు దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. ఏకోపాధ్యాయ పాఠశాలను తలచుకోండి. ఒకే గది, ఐదు తరగతులు, ఒక్క అయ్యవారు. మూడో తరగతికి కూడికలు ఇస్తారు. వాళ్లు చేస్తుండగా ఐదో తరగతికి రెండు వాక్యాలు చెప్పి రాయమంటారు. వాళ్లు రాస్తుండగా ఒకటో తరగతి పలకలు దిద్దుతారు. పిల్లలు రాసుకునే సమయం ఎక్కువ, అయ్యవారు చూసే సమయం తక్కువ. అందుకే అందరికీ సరిపోతారు. కంప్యూటర్ కూడా అంతే. మనిషి ఆలోచిస్తూ ఒక్కో అక్షరం కొట్టేలోపు అది ఎన్నో పనులు చేయగలదు. ఒకరి పనిని రెప్పపాటు చూసి, పక్కవారి పనికి మళ్లి, మళ్లీ మొదటివారి దగ్గరికి వస్తుంది. యంత్రం మొత్తం తమదేనని అందరికీ అనిపిస్తుంది.

జాతీయ సైన్స్ ఫౌండేషన్ నుంచి నిధులు వచ్చాయి. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ కంప్యూటర్లు వచ్చాయి. టైమ్ షేరింగ్ వ్యవస్థను రాసే పనిలో ఎక్కువ భాగాన్ని విద్యార్థులే తలకెత్తుకున్నారు.

గుప్పెడు మాటలు

ఇక రెండోది, భాష. ఫోర్ట్రాన్ వంటి భాషలు అప్పటికే ఉన్నాయి, కానీ అవి శాస్త్రవేత్తల కోసం పుట్టినవి. ఒక్క కామా అటూ ఇటూ అయితే ఊరుకోవు. ఉన్న భాషనే కత్తిరించి వాడుకుందామా అని మొదట కర్ట్జ్ ఆలోచించారు. కొత్తదే కావాలని కెమెనీ పట్టుబట్టారు. 1963 సెప్టెంబరులో ఆయనే కూర్చుని ఆ కొత్త భాషకు కంపైలర్ రాయడం మొదలుపెట్టారు. మనం రాసిన ఆదేశాలను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రామునే కంపైలర్ అంటారు.

ఆ భాషే బేసిక్. పూర్తి పేరు బిగినర్స్ ఆల్‌పర్పస్ సింబాలిక్ ఇన్‌స్ట్రక్షన్ కోడ్. కొత్తగా నేర్చుకునేవారు ఏ అవసరానికైనా వాడుకోగల భాష అని దాని భావం. మొదట్లో ఇందులో ఉన్న ఆదేశాలు పదిహేనుకు మించవు. లెట్, ప్రింట్, ఇఫ్, ఫర్, నెక్స్ట్, రీడ్, ఎండ్ వంటి చిన్న చిన్న మాటలు. కంప్యూటర్‌ను పలకరించడానికి హలో అని కొట్టాలి, వెళ్లేటప్పుడు గుడ్‌బై అని కొట్టాలి. తప్పు చేస్తే ఏ వరుసలో చేశామో అర్థమయ్యే మాటల్లో చెబుతుంది.

పదిహేడో ఎక్కం రాయించాలంటే నాలుగు వరుసలు చాలు. నిజానికి వీటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మీరు చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం.

10 ఫర్ ఎన్ = 1 టు 10
20 ప్రింట్ 17 * ఎన్
30 నెక్స్ట్ ఎన్
40 ఎండ్

ఎన్ విలువను 1 నుంచి 10 దాకా ఒక్కొక్కటిగా తీసుకో, ప్రతిసారీ 17తో గుణించి అచ్చు వేయి, అన్నీ అయ్యాక ఆగు. ఈ ప్రోగ్రాముకు అర్థం ఇంతే. వరుసల సంఖ్యలు పదేసి ఎందుకు పెరుగుతున్నాయని మా పిల్లలు వెంటనే అడుగుతారు. మధ్యలో ఏదైనా మరిచిపోతే చేర్చుకోవడానికి. పైన పదిహేడో ఎక్కం అని శీర్షిక కావాలంటే 5 అనే సంఖ్యతో ఒక ప్రింట్ వరుస కొడితే చాలు, యంత్రమే దాన్ని పైన పెట్టుకుంటుంది. మనిషి మరిచిపోతాడు, తప్పు చేస్తాడు అని ముందే ఎరిగి కట్టిన భాష ఇది.

1964 మే 1న, తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు, డార్ట్‌మత్‌లో రెండు టెలిటైప్ యంత్రాల ముందు కూర్చుని ఒకేసారి రెండు బేసిక్ ప్రోగ్రాములు నడిపించారు. రెండింటికీ సరైన జవాబే వచ్చింది.

గ్రంథాలయం లాంటి కంప్యూటర్ గది

ఆ ఏడాది నుంచే మొదటి సంవత్సరం గణిత పాఠాల్లో దీన్ని చేర్చారు. రెండు మూడు ఉపన్యాసాలు, ఆ తర్వాత విద్యార్థి సొంతంగా నాలుగు ప్రోగ్రాములు రాసి సరిచేసుకోవాలి. అంతే. 1968 నాటికి విద్యార్థుల్లో వందకు 80 మంది ఇలా ప్రోగ్రామ్ రాయడం నేర్చుకున్నారు.

1966లో కంప్యూటర్ కోసం ప్రత్యేక భవనం కట్టారు. దాన్ని గ్రంథాలయంలా నడపాలన్నది కెమెనీ పట్టుదల. గ్రంథాలయంలో అల్మరా దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకునే విద్యార్థిని ఇది ఎందుకు చదువుతున్నావని ఎవరూ నిలదీయరు, పుటకు ఇంత అని డబ్బు అడగరు. కంప్యూటర్ కూడా అలాగే ఉండాలి. పాఠం కోసమైనా, సరదా కోసమైనా విద్యార్థికి ఖర్చు లేదు. పిల్లలు దానిమీద ఆటలు కూడా రాశారు. ఆటలను కాలహరణం అని ఆయన తోసిపుచ్చలేదు. ఆట కోసం వచ్చినవాడికి యంత్రం అంటే బెరుకు పోతుంది కదా! క్రమంగా చుట్టుపక్కల హైస్కూళ్లు, కళాశాలలు కూడా టెలిఫోన్ తీగల ద్వారా ఆ కంప్యూటర్‌ను వాడుకోసాగాయి.

లాస్ అలమోస్‌లో తమ బృందం ఏడాదిపాటు చేసిన లెక్కలను ఇప్పుడు ఒక డార్ట్‌మత్ విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో చేసేయగలడని, అదీ మిగతావాళ్లతో యంత్రాన్ని పంచుకుంటూనే చేయగలడని కెమెనీ తర్వాత రాశారు. వాన్ నాయ్‌మన్ మాటలు విని తన జీవితకాలంలో చూస్తానా అనుకున్న యంత్రం పాతికేళ్లకు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల చేతిలో ఉంది.

అధ్యక్షుడైనా మాస్టారే

1970లో కెమెనీ డార్ట్‌మత్ కళాశాల అధ్యక్షుడయ్యారు. పదకొండేళ్లు ఆ పదవిలో ఉన్నా పాఠం చెప్పడం మానలేదు. కంప్యూటర్ తలుపు తెరిచిన మనిషి కళాశాల తలుపులు కూడా తెరిచారు. అంతవరకూ అబ్బాయిలకే పరిమితమైన డార్ట్‌మత్‌లో 1972లో అమ్మాయిలు చేరారు. ఆదివాసీ బాలల చదువు కూడా తన ఆశయమని ఆ కళాశాల 1769 నాటి శాసనపత్రంలోనే రాసుకుంది. అయినా మొదటి రెండు వందల ఏళ్లలో అక్కడ పట్టా అందుకున్న ఆదివాసీలు ఇరవై మంది కూడా లేరు. కాగితం మీదే మిగిలిన ఆ మాటను కెమెనీ బయటికి తీసి, ఆదివాసీ విద్యార్థులను చేర్చుకునే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు.

ఒక దీపం చెప్పని నిజం

1979 మార్చి 28. పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో, ఇదీ తెల్లవారుజామున నాలుగింటికే, పెద్ద ప్రమాదం మొదలైంది. విచారణకు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పన్నెండు మందితో సంఘం వేసి, కెమెనీని దానికి సారథిగా నియమించారు.

అక్కడ జరిగింది వింటే, ప్రోగ్రామింగ్ అందరికీ ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఆవిరి పీడనాన్ని వదిలే ఒక వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. అదుపు గదిలోని దీపం మాత్రం అది మూసుకుందన్నట్టే సూచించింది. ఎందుకంటే ఆ దీపం చూపేది మూసుకోమన్న ఆదేశం వెళ్లిందా లేదా అన్నదే, వాల్వు నిజంగా మూసుకుందా అన్నది కాదు. సిబ్బంది దీపాన్ని నమ్మారు. నిమిషాల్లో వందకు పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగాయి. వాటిని అచ్చువేయాల్సిన ప్రింటర్ గంటల కొద్దీ వెనకబడిపోయింది. లోపల చల్లబరిచే నీరు బయటికి పోతుంటే, నీరు ఎక్కువైందనుకుని సిబ్బంది అత్యవసర నీటి సరఫరాను తగ్గించారు.

ఆ అక్టోబరులో వచ్చిన నివేదిక ఎవరినీ వదల్లేదు. నడిపే సంస్థ, తయారుచేసిన సంస్థ, పర్యవేక్షించాల్సిన ప్రభుత్వ సంఘం, అందరి లోపాలనూ ఎత్తిచూపింది. యంత్రాల కన్నా మనుషుల శిక్షణలో, ఆలోచనా తీరులో ఉన్న లోపమే పెద్దదని తేల్చింది. దీపం వెలిగితే చాలదు, ఆ దీపం దేన్ని చూసి వెలుగుతోందో కూడా తెలియాలి. ప్రోగ్రామ్ రాసిన పిల్లవాడు దీన్ని తన తప్పుల నుంచే నేర్చుకుంటాడు. యంత్రం తాను చెప్పింది చేసిందే తప్ప, తాను అనుకున్నది చేయలేదని మొదటి రోజే వాడికి అర్థమవుతుంది.

ఇంటింటి భాష

బేసిక్‌ను కెమెనీ, కర్ట్జ్ అమ్ముకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. 1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం తమ సొంత బేసిక్ రాశారు. మైక్రోసాఫ్ట్ మొదలైంది దానితోనే. ఆ తర్వాత ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లలో ఎన్నింటిలోనో, మీట నొక్కగానే తెరమీద బేసిక్ సిద్ధంగా ఉండేది. పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములను జనం ఇంట్లో కూర్చుని వరుస వెంట వరుస కొట్టుకుని, తప్పులు దిద్దుకుని, ఇంటిఖర్చుకో ఆటకో తగ్గట్టు మార్చుకునేవారు. మామూలు మనుషుల్లో లక్షలాది మంది ప్రోగ్రామింగ్ నేర్చింది ఇలాగే, అవసరం కొద్దీ, ముచ్చట కొద్దీ. మన దేశంలోనూ 1980లలో ప్రభుత్వం కొన్ని ఉన్నత పాఠశాలలకు ఇచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఉన్నది బేసిక్కే.

విమర్శలూ వచ్చాయి. ఆ వరుసకు గెంతు అని చెప్పే గోటూ ఆదేశాన్ని అతిగా వాడి జనం చిక్కుపడిన దారపు ఉండల్లాంటి ప్రోగ్రాములు రాస్తున్నారని, చిన్నప్పుడే చెడు అలవాట్లు పడుతున్నాయని కొందరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు మండిపడ్డారు. అందులో నిజం లేకపోలేదు. కంపెనీకొక రకంగా మారిపోయిన బేసిక్‌లను చూసి కెమెనీ, కర్ట్జ్ కూడా బాధపడ్డారు. పదవి దిగి మళ్లీ తరగతి గదికి వచ్చిన కెమెనీ, 1980లలో కర్ట్జ్‌తో కలిసి ట్రూ బేసిక్ పేరుతో దాన్ని చక్కదిద్ది విడుదల చేశారు. పేరు మిగిలినా, వీధుల్లో తిరిగిన బేసిక్ మాత్రం వాళ్ల చేయి దాటిపోయింది.

1992 డిసెంబరు 26న, అరవై ఆరేళ్ల వయసులో గుండె ఆగి కెమెనీ కన్నుమూశారు.

మన బడికి వస్తే

మేము బీఈడీ చదివే రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. గుడిలో గర్భగృహాన్ని చూసినట్టు దూరం నుంచి చూసి వచ్చేవాళ్లం. ఆ భయం మాకు చాలాకాలం పోలేదు. బడికి కంప్యూటర్ వచ్చాక కూడా పిల్లల మార్కులను క్యాలిక్యులేటర్‌తో కూడి, ఆ మొత్తాన్ని ఎక్సెల్ గడిలో చేత్తో కొట్టేవాళ్లం. ఆ గడిలోనే ఒక చిన్న సూత్రం రాస్తే తరగతి మొత్తానికీ అదే కూడుతుందని తెలిసిన రోజున మాలో మేమే నవ్వుకున్నాం, కాస్త సిగ్గుపడ్డాం కూడా. ఆ సూత్రం రాయడమూ ప్రోగ్రామింగే. కెమెనీ ముప్పాతిక మందికి నేర్పాలనుకున్నది అలాంటి విద్యనే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. బేసిక్ మాటలు ఇంగ్లీషువే. ఈనాటి ప్రోగ్రామింగ్ భాషల్లో ఎక్కువవాటి మాటలూ అవే. కానీ మొదలుపెట్టడానికి కావలసినవి గుప్పెడే. బస్సు బోర్డు చదవడానికి తమిళ అక్షరాలు, దుకాణం పేరు చదవడానికి కన్నడ అక్షరాలు కూడబలుక్కునే మా పిల్లలకు పదిహేను మాటలు బరువా? ఆ మాటల వెనక ఏది ముందు, ఏది తర్వాత, ఏది జరిగితే ఏం చేయాలి అన్న ఆలోచన ఉంది. దాన్ని తెలుగులోనే చేసుకోవచ్చు. మేము ముందు నోటుపుస్తకంలో తెలుగులో మెట్లు రాయిస్తాం. ఆ తర్వాతే యంత్రం దగ్గరికి తీసుకువెళతాం.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన ఇంటి పాల లెక్కకు ప్రోగ్రామ్ రాసింది. రోజూ ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతాన్ని బట్టి రేటు ఎంత, నెలకు ఎంత రావాలి అన్నది లెక్క. మొదటిసారి వచ్చిన జవాబుకూ వాళ్ల నాన్న చీటీకీ పొంతన కుదరలేదు. యంత్రం తప్పు చెప్పిందన్నారు పక్క పిల్లలు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. వరుసలన్నీ వేలు పెట్టి చదువుకుంటూ పోయి, నెలకు 30 రోజులని తానే రాసిందని, ఆ నెలకు 31 రోజులని కనిపెట్టింది. ఒక్క అంకె మార్చింది. లెక్క కుదిరింది.

పిల్లలూ, మీ ఇంట్లో నెలనెలా చేసే ఒక లెక్క ఎంచుకోండి. పాలు, కరెంటు, బస్సు చార్జీలు, ఏదైనా సరే. దాన్ని తెలుగులో మెట్టు మెట్టుగా రాసి పక్కవాళ్లకు ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా వాళ్లు ఆ లెక్క చేయగలిగితే, యంత్రం ముందు కూర్చోవడానికి మీరు సిద్ధమైనట్టే.